చెంచు అన్న మాట

నంద్యాల కొత్త జిల్లా అయిన 2022లో నేను ఆళ్లగడ్డలో ఒక ఆసుపత్రి పోస్ట్‌నేటల్ వార్డులో స్టాఫ్ నర్సును. కాన్పయిన తల్లులూ బిడ్డలూ ఉండే వార్డది.

శిరివెళ్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన సుజాతకు సిజేరియన్ అయింది. పాలు పడలేదు. ఆడబిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. పక్క మంచం మీద తన కొడుక్కి పాలిస్తున్న లింగమ్మ, "ఇట్ల తేండమ్మా, నాకు పాలుండాయి" అంది. ఆమె రక్తపరీక్షలు చూసి డాక్టరమ్మ సరేనన్నారు. పాప ఆబగా తాగి నిద్రపోయింది. సుజాత అత్త ఓబుళమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని, "నా మనవరాలికి నువ్వూ అమ్మవే తల్లీ" అంటూ లింగమ్మ తల నిమిరింది.

మరునాడు పొద్దున మా ఆయా గుమ్మంలో నిలబడి కేకేసింది.

"నల్లమల చెంచోళ్ల లింగమ్మ ఎవరు? డాక్టరమ్మ పిలుస్తాంది!"

అప్పుడు సుజాత పాప లింగమ్మ దగ్గర పాలు తాగుతోంది. ఓబుళమ్మ ఒక్క ఉదుటున లేచి బిడ్డను లాక్కుంది.

"చెంచుదానివా? ముందే చెప్పకపోతివే!"

తడిగుడ్డతో, ఏడుస్తున్న బిడ్డ నోరు తుడవసాగింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో, పాలు తాగే బిడ్డను అలా లాగేయడం నేనెన్నడూ చూడలేదు.

తేరుకుని, మర్యాదగా ఉంటుందనుకుని, "అట్లనొద్దు పెద్దమ్మా, ఆమె ఆదివాసీ మహిళ" అన్నాను.

లింగమ్మ పైట సర్దుకుంది. "మాట మారుస్తావెందుకు సిస్టరమ్మా? మీటింగులోళ్లు ఆదివాసీ అంటారు, ఆఫీసోళ్లు ఎస్టీ అంటారు. అననీ. నేను చెంచుదాన్నే, మా యమ్మా చెంచుదే. అది తిట్టు గాదు. ఆ యమ్మ నోట్లో తిట్టయింది."

ఆమె తల దించలేదు.

సుజాత కుట్ల మీద చెయ్యి అదుముకుంటూ మంచం దిగింది. "పాపను ఇటియ్ అత్తా."

"ఏందే, మతి పోయిందా నీకు?"

"నా బిడ్డ ఆకలికి సస్తాంటే, మీరేమిటోళ్లని అడిగిందా ఆ యక్క?"

పాపను తీసుకుని లింగమ్మ ఒడిలో పెట్టింది. ఏడుపు ఆగింది. ఓబుళమ్మ వరండాలోకి వెళ్లిపోయి, డిశ్చార్జి దాకా ఆ మంచాల వైపు రాలేదు.

పేరు మార్చి పిలిచినంత మాత్రాన ఎదుటివాళ్ల ఏవగింపు పోదని ఆ రోజు అర్థమైంది. ఇప్పుడు కొండ మీది నుంచి ఎవరొచ్చినా, మీవాళ్లను మీరేమని చెప్పుకుంటారని అడుగుతాను. వాళ్లు చెప్పిన మాటే వాడతాను. చెంచు అన్న పేరును గొంతు తగ్గించకుండా పలకడం నాకు లింగమ్మే నేర్పింది.