పెద్దకోడలి కోసం ఒక పార్కు టూరు

తొంభైల చివర్లో, వేసవి సెలవులు ఇంకా కొన్ని వారాలున్నాయనగా, మా ప్రొప్రైటర్‌గారు నన్ను టిక్కెట్ కౌంటర్ నుంచి తప్పించి గ్రూప్ టూర్ల ఇన్‌చార్జిగా వేశారు. మాది సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచి రాగలిగినంత దూరంలో ఉండే ఒక ప్రైవేటు ట్రావెల్ ఏజెన్సీ. ఇన్‌చార్జి అంటే పెద్ద హోదా అనుకునేరు. జీతం పెరగలేదు, పడే మాటలు మాత్రం పెరిగాయి.

ట్రావెల్స్‌లో పని అంటే టిక్కెట్లు చింపి ఇవ్వడమేగా అనేవాళ్లను చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక కుటుంబం ఇల్లు కదిలిందంటే ఎవరికి ఏ సీటు, ఎవరికి షుగరు, ఎవరు ఎవరితో మాట్లాడరు, ఇవన్నీ తెలియకుండా ప్లాను వేయలేం. తిరుపతి, షిర్డీ లాంటి టూర్లు కాస్త నయం. పెద్దలూ పిల్లలూ అందరూ ఒకే లైన్లో నిలబడతారు, ఒకే దేవుడికి దణ్ణం పెట్టి వస్తారు. వినోద పార్కు అలా కాదు. మనవడికి నచ్చింది తాతకు పడదు, తాత కూర్చునే చోట మనవడు నిలవడు. మా వాడుకలో మనుషుల్ని ‘పాక్స్’ అంటాం. పది పాక్స్ అంటే పదిమంది. తీర్థయాత్రలో పదీ ఒకటే లెక్క. పార్కులో మాత్రం ఏ ఒక్కటీ ఇంకోదానితో కలవదు.

అప్పట్లో నగరం అంచున కొత్తగా ఒక పార్కు తెరిచారు. ఇన్‌చార్జిగా నా చేతికొచ్చిన మొదటి పని అక్కడికే. అల్వాల్ నుంచి ప్రభాకర్ అనే ఆయన వచ్చారు. ఆఫీసు ఉద్యోగం, నెమ్మదైన మనిషి. విజయవాడ నుంచి తమ్ముడి కుటుంబం, కాకినాడ నుంచి చెల్లెలి కుటుంబం వస్తారట. అందరూ కలిసి ఒకరోజు పార్కు చూసి, రాత్రికి అక్కడి గెస్ట్‌హౌస్‌లోనే ఉండి, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగి రావాలి. వాళ్ల నాన్నగారు పోయాక అందరూ కలవడం అదే మొదలు. పేర్లు రాయిస్తూ ఆయన చివరికి అన్నారు: “అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కడైనా నీడలో కూర్చుంటుంది. మా శాంత పక్కనే ఉంటుంది లెండి, బ్యాగులు కూడా చూసుకుంటుంది.”

శాంత ఆయన భార్య, ఆ ఇంటి పెద్దకోడలు. నేను నీడలో రెండు కుర్చీలు అని రాసుకుని పక్కపేజీకి వెళ్లాను. మా పనిలో అది మామూలే. ప్రతి గ్రూపులోనూ ఒకరు కూర్చుంటారు.

మూడు నాలుగు రోజులకు ప్రభాకర్‌గారి అమ్మగారు సుగుణమ్మగారు ఒక్కరే ఆటోలో దిగారు. మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. చేతిలో గొడుగు, కళ్లలో హాజరు తీసుకునే చూపు. కొడుక్కి తెలియకుండా వచ్చానని ముందే చెప్పి, ప్లాను చూపించమన్నారు. పైనుంచి కిందికి చదివారు. తెలుగు వ్యాసం దిద్దుతున్నట్టు వేలితో ఒకచోట ఆపారు.

“ఇందులో మా కోడలెక్కడుందమ్మా?”

“మీతోపాటే ఉంటారండీ, నీడలో.”

“అదే వద్దంటున్నాను.”

తర్వాత ఆవిడ చెప్పింది నాకు బాగా గుర్తుంది. “మా ఆయన మంచానపడ్డాక ఏళ్ల తరబడి అన్నీ దాని చేతుల మీదే నడిచాయి. స్నానం, మందులు, పక్క మార్చడం, అన్నీ. ఒక్కరోజూ విసుక్కోలేదు. ఆయన వెళ్లిపోయారు. ఇప్పుడు నా మోకాళ్లు తయారయ్యాయి దాన్ని కట్టేసి కూర్చోబెట్టడానికి. ఇంట్లో అందరూ దానికదే ఇష్టం అనుకుంటున్నారు. పాపం, అదీ అలాగే అనుకుంటోంది. ఈసారి కూడా కూర్చుందంటే ఇంక జన్మలో లేవదు వసంతా, నాకు తెలుసు.”

పేరుపెట్టి పిలిచేసరికి నేను బల్ల మీదికి వంగాను. ఆవిడ అడిగింది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ మా పనిలో అంతకన్నా కష్టమైంది లేదు. కూర్చోవడానికి సిద్ధపడ్డ మనిషిని లేపాలి. మా ఏజెన్సీ తరపున ఒక సహాయకురాలిని పెడతానన్నాను. “నేను ఒప్పుకుంటా, అది ఒప్పుకోదు. అత్తని పరాయివాళ్లకి అప్పజెప్పి ఊయల ఊగుతుందా?” అన్నారు. పోనీ మీరు ఇంట్లోనే ఉంటారా అంటే, “నేను ఇంట్లో ఉంటే అదీ ఇంట్లోనే” అన్నారు. రెండూ నిజమే. ఆలోచిస్తానని చెప్పి ఆటో ఎక్కించాను.

కొత్త చోటికి గ్రూపును తీసుకెళ్లేముందు మేం ఒకసారి వెళ్లి చూసి వస్తాం. దాన్ని రెకీ అంటాం. మా బస్సు డ్రైవర్ యాదగిరిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఏ ఆటకి ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, మనిషి ఎక్కేదాకా యంత్రం ఆగుతుందా, నీళ్లెక్కడ, బాత్‌రూం ఎంత దూరం, అన్నీ అడిగి రాసుకున్నాను. బొమ్మరైలు, పడవ ఆట పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. జెయింట్ వీల్ దగ్గర మాత్రం అక్కడి మేనేజర్ ఒక నిబంధన చెప్పాడు. పెద్ద వయసువాళ్లు ఎక్కితే పక్కన ఇంటి మనిషి ఒకరు తప్పనిసరిగా కూర్చోవాలి. ఏజెన్సీవాళ్లు, అటెండర్లు పనికిరారు. ఇదొక తలనొప్పి అనుకుంటూనే సాయంత్రం సుగుణమ్మగారికి ఫోన్ చేసి చెప్పాను.

అవతల నవ్వు.

“ఇంటి మనిషే కూర్చోవాలా? రాసి ఉందా?”

“బోర్డు మీదే ఉందండీ.”

“అయితే నేను జెయింట్ వీల్ ఎక్కుతాను.”

రేపు ఏదైనా జరిగితే అడిగేది నన్నే. డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకుండా కుదరదని ఖచ్చితంగా చెప్పాను. ఆ వారంలోనే తెచ్చి నా ముందు పెట్టారు. గుండె బాగుంది, బీపీ అదుపులో ఉంది, మోకాళ్లు ఒక్కటే తంటా. అందుకని వాళ్ల చర్చి మేడమెట్లు రోజూ మెల్లగా ఎక్కి దిగుతున్నారట. కోడలు అడిగితే డాక్టర్ చెయ్యమన్నాడని చెప్పారట. “అబద్ధమే. ఆ సంగతి నేనూ దేవుడూ మాట్లాడుకుంటాం లే” అన్నారు. వెళ్లబోతూ ఇంకో మాట చెప్పారు. ఆవిడకు ఎత్తు అంటే చచ్చేంత భయం. స్టేషన్లో ఫుట్‌బ్రిడ్జి మీద కూడా కిందికి చూడరట.

“మరెందుకండీ ఇదంతా?” అన్నాను, కొంచెం కోపంగానే.

“భయమైతే చెయ్యకూడదని ఎక్కడుంది?” అన్నారు గొడుగు తీసుకుంటూ.

ఆ రోజే ఆవిడంటే నాకు గౌరవం పుట్టింది. నా ఉద్యోగంలో ధైర్యస్తులు చాలామంది తగిలారు, ఎక్కువమంది కేవలం నోటితో. భయాన్ని ఒప్పుకుని మెట్లెక్కిన మనిషిని ఈవిడ్నొక్కరినే చూశాను.

ప్లాను తిరగరాశాను. మామూలుగా పెద్దవాళ్లను ముందు నీడలో కూర్చోబెట్టి పిల్లల్ని పెద్ద ఆటలకు తీసుకెళ్తాం. దాన్ని తలకిందులు చేశాను. మొదట అందరూ కలిసి బొమ్మరైలు, ఆ తర్వాత పడవ, ఎండ ముదరకముందే జెయింట్ వీల్. బ్యాగులు లాకర్లో పెట్టించడం, భోజనం లోపలి క్యాంటీన్‌లో. మోయడానికి, కాపలా కాయడానికి ఏమీ ఉండకూడదు. మా ప్రొప్రైటర్‌గారు చూసి, “ఏంటమ్మా, యుద్ధానికి పోతున్నరా?” అని ఎగతాళి చేశారు.

ఆ రోజు ఉదయం అల్వాల్‌లో బస్సు ఎక్కుతుంటేనే నా ప్లానుకు తూట్లు పడ్డాయి. శాంతగారు తెల్లారకముందే లేచి, అందరికీ పులిహోర, కోడివేపుడు చేసి పెద్ద పెద్ద క్యారియర్లలో సర్దుకొచ్చారు. నలభై దాటిన సన్నటి మనిషి, కొంగు నడుముకు దోపుకుని ఉన్నారు. పుట్టిల్లు బోయిన్‌పల్లి. క్యాంటీన్‌లో చెప్పామండీ అంటే, “బయటి తిండి పిల్లలకు పడతదా మేడం? తక్లీఫ్ ఏం లేదు, నేనే మోస్త” అన్నారు.

పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. బయటి తిండి లోపలికి తేకూడదు. అలాగైతే సమస్యే లేదన్నట్టు శాంతగారు క్యారియర్లు తీసుకుని వెనక్కి తిరిగారు. “మీరంత పోయి రాండ్రి. నేను బస్సుల కూసుంట. అత్తమ్మా, మీరు సుత నాతోనే ఉండుండ్రి, లోపల ఎండ ఉంటది.” ప్రభాకర్‌గారు సరే అని తల ఊపారు. నాకు ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. అన్ని రోజుల కష్టం గేటు బయటే ముగిసిపోతోంది.

సుగుణమ్మగారు తిన్నగా వెళ్లి బస్సు ఫుట్‌బోర్డు మీద కూర్చున్నారు. “సరే. ఇద్దరం ఇక్కడే ఉంటాం. నేను లోపలికి రాకపోతే నా పిల్లలెవరూ లోపలికి వెళ్లరు. అందరం కలిసి ఇక్కడే పులిహోర తినేసి ఇంటికి పోదాం.” చిన్నపిల్ల ఒకతి అప్పుడే ఏడుపు లంకించుకుంది. అత్త కూర్చుంది, కోడలు నిలబడింది, ఒకరికోసం ఒకరు పట్టు వదలరు, మధ్యలో టిక్కెట్లు పట్టుకుని నేను.

కాపాడింది యాదగిరి. సీట్లోంచి దిగొచ్చి క్యారియర్లు చేతిలోంచి గుంజుకున్నంత పని చేశాడు. “అక్కా, మీరు బేఫికర్ పొండ్రి. డబ్బలకు నేనున్న. ఒక్క ముక్క తగ్గినా నా లైసెన్స్ గుంజుకోండ్రి. జెర వాసన చూస్త, గంతే.” అందరూ నవ్వారు. శాంతగారు కూడా నవ్వారు. “లెవ్వుండ్రి అత్తమ్మా, పిల్లలు పరేషాన్ అయితున్నరు” అంటూ చెయ్యి అందించారు. అలా లోపలికి వెళ్లాం.

బొమ్మరైలు అయింది, పడవ అయింది. రెండింట్లోనూ శాంతగారు చూసింది అత్తగారి మోకాళ్లనే. జెయింట్ వీల్ దగ్గరికి వచ్చేసరికి సుగుణమ్మగారు బోర్డు ముందు ఆగి, నిబంధన పైకి చదివారు, తరగతి గదిలో చదివినట్టే. ప్రభాకర్‌గారు, “అమ్మా, నీకెందుకివన్నీ? పోనీ నేను పక్కన కూర్చుంటా” అన్నారు. “నా మోకాలు ఎక్కడ పట్టుకోవాలో నీకు తెలుసుట్రా?” అన్నారావిడ. శాంతగారు చెప్పులు సరిచేసుకుని ముందుకొచ్చారు. అత్తమ్మ ఎక్కుతుంటే ఆవిడ ఎక్కకుండా ఎలా?

మేనేజర్ ముందే మాటిచ్చినట్టు చక్రం పూర్తిగా ఆపించాడు. ఇద్దరినీ మెల్లగా ఎక్కించి, అడ్డుకమ్మీ బిగించి, నెమ్మదిగా తిప్పమన్నాడు. నేను కింద నిలబడి తల పైకెత్తి చూస్తున్నాను. మొదటి చుట్టులో శాంతగారు అత్తగారి భుజం చుట్టూ చెయ్యి వేసి ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. రెండో చుట్టులో పైకి వెళ్లాక ఆవిడ చూపు బయటికి మళ్లింది. దూరంగా చెరువు, గుట్టలు, ఎండలో మెరిసే రోడ్డు కనిపించి ఉండాలి. మూడోసారి కిందికి దిగుతుంటే శాంతగారు పెద్దగా అరిచారు. నేను హడలిపోయాను. వాళ్ల సీటు దగ్గరికి వచ్చాక తెలిసింది, అది నవ్వు.

దిగాక సుగుణమ్మగారిని బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. “వసంత నా దగ్గరుంటుంది. నువ్వు పిల్లల్తో వెళ్లు” అన్నారు కోడలితో. శాంతగారు ఇటూ అటూ చూశారు. పిల్లలు చెయ్యి పట్టి లాగుతున్నారు. “ఐదు నిమిషాలల్ల వస్త అత్తమ్మా, ఈడనే ఉండుండ్రి” అని వెళ్లారు.

ఆవిడ కనుమరుగయ్యాక సుగుణమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. “పైనుంచి ఏం కనిపించిందో నాకు తెలీదమ్మా. కళ్లు తెరిస్తేగా. అది నవ్వడం మాత్రం విన్నాను. పెళ్లై వచ్చిన కొత్తలో అలా నవ్వేది.” ఆవిడ కళ్లనిండా నీళ్లు.

ఐదు నిమిషాలు కాదు, భోజనాల వేళ దాటినా శాంతగారు రాలేదు. బస్సు పక్కన చెట్టు కింద జంబుఖానా పరిచి, అందరూ క్యారియర్ల చుట్టూ చేరి దిక్కులు చూస్తున్నారు. ఆకలి నకనకలాడుతోంది, కానీ ఒక్కరూ మూత తీయరు. వడ్డించే మనిషి లేదు కదా. “శాంత ఏదీ?” అని ప్రభాకర్‌గారు నాలుగోసారి అడిగారు. పెద్ద రోలర్ కోస్టర్ లైన్లో ఉందని, ఎక్కడం ఇది మూడోసారని పిల్లల్లో ఒకరు వచ్చి చెప్పారు. ఆయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు.

“నోరు కాదు, క్యారియర్ తెరువు” అన్నారు సుగుణమ్మగారు. “నువ్వే వడ్డించు.”

ఆయన వడ్డించారు. పులిహోర సగం జంబుఖానా మీద పడింది గానీ, వడ్డించారు. శాంతగారు వచ్చేసరికి జుట్టంతా రేగిపోయి ఉంది, కొంగు ఎక్కడో ఉంది. రాగానే గరిటె కోసం చెయ్యి చాచారు. ప్రభాకర్‌గారు గరిటె ఇవ్వలేదు, నిండుగా పెట్టిన పళ్లెం ఇచ్చారు. ఆవిడ దాన్ని పట్టుకుని ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు నిలబడి, తర్వాత కూర్చుని గబగబా తినడం మొదలుపెట్టారు. తింటూనే నావైపు తిరిగి, “మేడం, రేపు పొద్దుగాల ఎన్నింటికి తెరుస్తరు వీళ్లు? ఇంక రెండు ఎక్కనియి ఉన్నయి” అన్నారు.

ఆ టూరు నాకు నేర్పింది పనికి సంబంధించిన విషయమే. అంతకుముందు ఏ కుటుంబం వచ్చినా ఎంతమంది, పిల్లలెందరు, పెద్దలెందరు అని అడిగేదాన్ని. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మొదటి ప్రశ్న మార్చేశాను. “మీలో ఎవరు కూర్చుంటారు?” అని అడిగేదాన్ని. ఆ చెప్పిన పేరు దగ్గర్నుంచే ప్లాను మొదలుపెట్టేదాన్ని. ఎంతమంది వస్తారని అడిగితే వేళ్లు లెక్కపెట్టుకునేవాళ్లు, ఫోన్లు చేసి కనుక్కునేవాళ్లు. ఈ ప్రశ్నకు మాత్రం ఏ ఇంటివాళ్లూ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ పేరు అందరి నోటా సిద్ధంగా ఉండేది.