ఒంటి పోగు ఫ్యూజు

నా చిన్నప్పుడు అయిజ పక్కన మా ఊళ్లో కరెంటున్న ఇల్లంటే రెండు బల్బులు వెలిగే ఇల్లని అర్థం. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరు కూడా ఆ బల్బులకు సరిపోయేంత సన్నదే. మా ఇంట్లో అది పత్తి గది దూలం వెంట పోయి, నడవలోని మెయిన్ బోర్డులో కలిసేది. బోర్డులో తెల్లటి పింగాణీ ఫ్యూజు, అందులో దారంలాంటి ఒక తీగ. అది పోయినప్పుడల్లా మా నాయన కొత్తది కట్టేవాడు. అంతకుమించి దాని సంగతి మాకెవరికీ పట్టేది కాదు.

పత్తి గదంటే అందుకోసం కట్టిందేమీ కాదు. ధర వచ్చేదాకా ఏరిన పత్తిని ఇంట్లోనే ఒక గదిలో పోసుకోవడం మా వైపు అలవాటు. కాళ్లు పడిపోయిన మా నాయనమ్మ మంచం కూడా ఆ గదిలోనే ఉండేది. చలికాలం పత్తి పక్కన వెచ్చగా ఉంటుందని తనే అక్కడ వేయించుకుంది.

ఆ ఏడు యాసంగి పంటకు పల్లికాయలు కొట్టి విత్తనం తీయడానికి ఊరంతటికీ కలిపి ఒకే మిషను వచ్చింది. కరెంటు మోటారుతో నడిచేది. ఇంటింటికీ వంతు. పొద్దుగూకేలోపు మన కాయలు మనం కొట్టుకుని పక్కింటికి అప్పజెప్పాలి. వంతు తప్పితే మళ్లీ అందరి తర్వాతే, అప్పటికి చేన్లో పదును ఆరిపోతుంది. మా వంతు నాడు మోటారు వేయగానే ఫ్యూజు పోయింది. నాయన కట్టాడు, మళ్లీ పోయింది. ఇంకోసారి కట్టినా అంతే. వాకిట్లో తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు.

"గిట్ల కట్టుకుంట కూసుంటె తెల్లారుతది. నాలుగు పోగులు కలిపి పేను, ఎట్ల పోతదో చూస్త," అన్నాడు మా పెదనాయన.

ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు. ఊళ్లో అందరూ అలాగే కట్టేవాళ్లు, ఎంత గట్టి ఫ్యూజు కడితే అంత పనిమంతుడని పేరు. నాయన పాత వైరు ఒలిచి, రాగి పోగులు పేని బిగించాడు. ఇక ఫ్యూజు పోలేదు.

మిషను ఆగకుండా నడిచింది. అమ్మ కాయలు పోస్తోంది, నేను గింజలు ఎత్తుతున్నాను. ఆ మోతలో పక్కనున్న మనిషి మాటే వినబడదు. లోపల పత్తి గది దూలం మీది ఆ సన్న వైరు మోయలేని బరువు మోస్తూ కాగిపోయింది. ఫ్యూజు తెగి ఉంటే మోటారు ఆగేది, వైరు చల్లారేది. అది తెగలేదు. వైరు మీది తొడుగు కరిగి, అంటుకుని, పత్తిలో పడింది. పక్కింటి అక్క కిటికీలో పొగ చూసి పరుగెత్తుకొచ్చేదాకా మాకు తెలియదు. నాయన మంటల్లోకి దూరి నాయనమ్మను ఎత్తుకొచ్చాడు. గద్వాల దవాఖానకు తీసుకుపోయారు గానీ ఆమె మిగల్లేదు. పిలిచే ఉంటుంది. ఎన్నిసార్లు పిలిచిందో, ఆ మిషను మోతలో మాకు ఒక్కటీ వినబడలేదు.

ఇంటికి కొత్త వైరు వేశారు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం మళ్లీ ఫ్యూజు పోయింది. నాయన లేవలేదు. నన్ను పిలిచి, "బిడ్డా, నువ్వు కట్టు," అన్నాడు.

"పసిపిల్ల, దానికేం తెల్వదు," అంది అమ్మ.

"నేర్పిస్త. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

మెయిన్ తీయించి, ఫ్యూజు చేతికిచ్చి, కందిలి పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. "ముందుగాల మీదికెల్లి వచ్చే వైరును చూడు. అది ఎంత మోస్తదో చూసుకొని, అంతకన్న ముందే తెగే తీగ కట్టాలె. ఇది తెగేదే మన కోసం," అన్నాడు. నేను ఒంటి పోగు కట్టాను. బల్బు వెలగగానే నాయన మొహం అటు తిప్పుకున్నాడు. బతికున్నన్నాళ్లూ మళ్లీ ఆ బోర్డు మీద చేయి వేయలేదు.

మొన్న వనపర్తిలో మా అబ్బాయి తన ఇంట్లో వైరింగు మార్పించి, ఏసీ పెట్టించాడు. అది వేసినప్పుడల్లా ఫ్యూజు బదులున్న మెయిన్ బ్రేకరు పడిపోతోంది. పెద్దది పెట్టేస్తే సరిపోతుందని అందరూ అనుకున్నారు. స్తంభం నుంచి వచ్చే వైరు మాత్రం పాతదే. "వైరు మార్చినంకనే పెద్దది పెట్టు. అప్పటిదాంక ఏసీ బంద్," అని బోర్డు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముసలిదానికి చాదస్తమన్నారు. అననీ అనుకున్నాను. వైరు మారేదాకా కుర్చీ తీయలేదు.

ఇప్పటికీ ఉన్నట్టుండి కరెంటు పోయి ఫ్యాన్లు, టీవీ అన్నీ ఆగిపోతే ఇంట్లో అందరూ విసుక్కుంటారు. నేను మాత్రం ఉన్నచోటే ఆగి చెవి పెట్టి వింటాను, లోపలి గదిలోంచి ఎవరైనా పిలుస్తున్నారేమోనని.