ముందు తన బిడ్డకు

ఆపా పోయిందని వికారాబాద్ నుంచి వచ్చిన మనిషి చెబితే నేను నమ్మలేదు. ఎవరు చెప్పారు, నువ్వు నీ కళ్లతో చూశావా, చూసినవాళ్లెవరు అని గుమ్మంలోనే నిలబెట్టి అడిగాను. పాపం, అతను బస్సు దిగి తిన్నగా మా ఇంటికి వచ్చాడు, గుక్కెడు మంచినీళ్లయినా తాగలేదు. "ఇసొంటి దాంట్ల అబద్ధం ఎందుకు చెప్తనమ్మా" అని నొచ్చుకున్నాడు. ఆపా దగ్గర పనిచేసిన వాళ్లం ఎవరమైనా ఇంతే. సూది వేయడం కంటే ముందు ఆమె దగ్గర మేం నేర్చుకున్నది అనుమానించడం.

మధ్యాహ్నం రైలుకు వెళ్లాను. వాళ్ల గల్లీ మలుపు తిరిగి, ఇంటి ముందు అన్నేసి చెప్పులు చూసేదాకా నాకు ఆ మాట లోపలికి దిగలేదు. చూశాక అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. అక్కడే అరుగు మీద కూర్చుని ఏడ్చాను.

ఆమెను ఎరగని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఆపా అంటే ఉర్దూలో అక్క. హిందువులూ, ముస్లిములూ, ఆఫీసర్లూ అందరూ ఆమెను అలాగే పిలిచారు. పోలీసు చర్య జరిగిన ఏడు ఆమె సర్కారు నర్సుగా చేరింది. తల్లులనూ చంటిపిల్లలనూ చూసే పని. ఆ రోజుల్లో మా దిక్కున ఎవరూ ఎవరినీ నమ్మేవాళ్లు కాదు. రైల్లో పక్కనున్నవాడు మీది ఏ ఊరని అడిగితే పక్క ఊరి పేరు చెప్పేవాళ్లు. బురఖా వేసుకుని మందుల పెట్టెతో ఊళ్లు తిరిగే మనిషిని చూస్తే, పెట్టెలో ఏముందోనని ఒకరికి అనుమానం, ఎవరు పంపారోనని ఇంకొకరికి అనుమానం. అడిగినవాళ్లకు ఆమె పెట్టె తెరిచి చూపించేది. ఆ తర్వాత వాళ్ల సంచి కూడా తెరిచి చూపించమనేది.

మాది తాండూరులో కిరాణా దుకాణం. ఏడో తరగతి చదివిన నేను ఆమెకు సహాయకురాలిగా చేరతానంటే మా నాన్న ఒప్పుకోలేదు. ఒకరోజు ఆపానే దుకాణానికి వచ్చింది. బతిమాలుతుందేమోనని నాన్న బిగుసుకుని కూర్చున్నాడు. "సేఠ్, మీకు నా మీద నమ్మకం లేదని తెల్సింది. నాకు గూడ మీ బిడ్డ మీద లేదు. కొన్ని దినాలు చూస్త, పని రాకుంటే వాపస్ పంపిస్త" అంది. అంత మర్యాదగా తనను అనుమానించిన మనిషిని నాన్న అంతకు ముందు చూసి ఉండడు. మర్నాడే నన్ను పంపించాడు.

ఆమె నమ్మని వాటి జాబితా రాయడం నావల్ల కాదు. మరిగాయని చెప్పిన నీళ్లను నమ్మేది కాదు, తనే మూత తీసి చూసేది. జ్వరం తగ్గిందని తల్లి చెబితే పిల్ల మెడ కింద చెయ్యి పెట్టేది. పాలపొడి డబ్బా ఏదైనా సరే, సీలు తీయగానే కళ్లు మూసుకుని వాసన చూసేది. డబ్బాలు తెచ్చే ఆఫీసు జవాను నవ్వేవాడు. "ఎందుకాపా గింత పరేషాన్? సీలు బందోబస్తుగనే ఉన్నది గద" అంటే, "సీలు ఏసినోని మొకం నేను చూడలే" అనేది. వికారాబాద్‌లో ఇంటికి పోతే మాత్రం వేరే మనిషి. తలుపు తెరిచే పెట్టేది, ఎవరొచ్చి ఏం అడిగినా ఇచ్చేది. అదేమిటని ఒకసారి అడిగాను. "నమ్మకం మా ఇంట్ల మస్తుగున్నది పిల్లా. డ్యూటీల అది పనికిరాదు" అంది.

పాలపొడి సంగతికి వస్తాను. బడిలో పేరున్న పిల్లలకు మధ్యాహ్నం పాలు కలిపి ఇచ్చేవాళ్లు. బడి ఈడు రాని పిల్లలకు పొడిని పొట్లాలు కట్టి తల్లుల చేతికివ్వాలని పైనుంచి వచ్చిన పద్ధతి. మిగతా చోట్ల ఎలా ఉండేదో గాని, తాండూరు చుట్టూ నాపరాళ్ల గనుల్లో పనిచేసే వాళ్ల దగ్గర ఆ పొట్లం పెద్ద తమాషా అయింది. బండలు నునుపు చేసేటప్పుడు రాలే పొడిలో పొద్దంతా బతికే మనుషులు వాళ్లు. సర్కారు ఇచ్చింది కూడా అదేననుకున్నారు. "మా ముక్కులల్ల పోయేది చాలదా, కడుపులకు గూడ పొయ్యాల్నా" అని ఒక ముసలమ్మ నన్ను నిలదీసింది. ఒక ఇంట్లో దాంతో వాకిట్లో ముగ్గు పెట్టారు. ఎండ ఎక్కేసరికి ముగ్గు గీతల వెంబడి చీమలు బారులు తీరాయి. అప్పుడుగాని అది రాతిపొడి కాదని వాళ్లకు నమ్మకం కుదరలేదు. ఆపా ఆ చీమలను చాలాసేపు చూసింది. "గివి నయం. ముందు రుచి చూసి తర్వాత మోస్కపోతున్నయి" అంది.

కాని నమ్మి తాగించిన ఇంట్లోనే ఘోరం జరిగింది. సేడం దిక్కు నుంచి కూలికి వచ్చిన ఒకామె గని పక్కన గుడిసెలో ఉండేది. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేది. అందుకే ఆమెను మేమంతా సేడమామె అనేవాళ్లం. ఆమె మా మాట విని పొట్లం తీసుకుంది, గని గుంటలో నిలిచిన నీళ్లతో కలిపి రెండేళ్ల పిల్లవాడికి పట్టింది. వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మాకు కబురు వచ్చి మేం వెళ్లేసరికి వాడు లేడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చంకలో ఉన్న చంటిపిల్లను కొంగుతో కప్పి గుడిసెలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత మా నీడ పడితే చాలు, పిల్లతో సహా పక్కకు తప్పుకునేది. పాలు చాలక ఆ పిల్ల కూడా ఎండిపోతూ ఉంది, మాకు కనిపిస్తూనే ఉంది.

అప్పటినుంచి ఆపా పొట్లాలు పంచడం మానేసింది. హైదరాబాద్ రైలెక్కి ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆమె అడిగింది ఒక్కటే. బడి ఈడు రాని పిల్లలకు పొడి ఇంటికి ఇవ్వొద్దు, తల్లి పనిచేసే చోటనే పొయ్యి పెట్టి, నీళ్లు మరగబెట్టి, కలిపి, కళ్ల ముందు తాగించాలి. ఒకసారి నన్నూ తీసుకెళ్లింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, కుర్చీలో కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి ఉన్నాడు. "పొట్లాలు పంచితే ఒక్కరోజులో తాలూకా అంతా అయిపోతుంది కదమ్మా. ఈ గిన్నెలూ కట్టెలూ అడగటంలో మీ ఉద్దేశమేమిటి? అవన్నీ ఎక్కడికి పోతాయి?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆపా మాత్రం ముచ్చటపడింది. "మంచిగ అడిగిండ్రు సార్. నన్ను గిట్లనే అనుమానించుండ్రి, నేను మిమ్మల్ని అనుమానిస్త. ఇద్దరం కావలుంటే పాలు పిల్లల కడుపులకే పోతయి" అంది. ఆయన నవ్వాలో కోప్పడాలో తెలియక, ఒక్క గని దగ్గర చేసి చూపించండి, నేనే వచ్చి చూస్తాను అన్నాడు.

పొయ్యి పెట్టాం. తల్లులు దూరంగా నిలబడి చూశారుగాని ఒక్క పిల్లనూ పంపలేదు. ఆపా గ్లాసు నింపి తను తాగి చూపించింది. ఆ ముసలమ్మే మళ్లీ అందుకుంది. "నువ్వు పెద్దదానివి, నీకేమైతది? నీ కడుపున పుట్టినదానికి పోసి చూపెట్టు, చూస్తం."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గనిలో పనిచేసేవాళ్లలో ఒక అలవాటు ఉంది. పరాయి మనిషి వండింది పిల్లలకు పెట్టాలంటే, ముందు వండినామె తన పిల్లకు పెట్టి చూపించాలి. ఎన్నో ఊళ్ల నుంచి వచ్చి కలిసి బతికేవాళ్లు, వాళ్లకు ఇంకో హామీ ఏముంటుంది? ఆపాకు ఒక్కతే బిడ్డ. పెళ్లయిన చాన్నాళ్లకు పుట్టింది. కంటికి రెప్పలా చూసుకునేది. దుకాణంలో చాక్లెట్టు కూడా కొననిచ్చేది కాదు. మర్నాటినుంచి ఆ పిల్లను వికారాబాద్ నుంచి రైల్లో వెంట తెచ్చి, మొదటి గ్లాసు దానికి పోయడం మొదలుపెట్టింది.

ఆ పిల్లకు పొడిపాలు పడవు. గ్లాసు చూడగానే మొహం ముడుచుకునేది. ఆ ముడత చూసి తల్లులు మళ్లీ గుసగుసలు. ఆపా పాలల్లో బెల్లం వేయించింది, ఇంట్లో బతిమాలింది, గని దగ్గర గుడ్లురిమింది. మెల్లగా కొందరు పిల్లలను పంపసాగారు. సేడమామె మాత్రం రాలేదు. నేను పోయి అడిగితే "బేడమ్మా, బేడ" అని, వద్దంటే వద్దని ఒకటే మాట.

హైదరాబాద్ పెద్దమనిషి చూడటానికి వచ్చిన రోజు పిల్లలంతా బండల మీద వరుసగా కూర్చున్నారు. కొత్త డబ్బా తీశాం. ఆపా ఎప్పటిలాగే వాసన చూసింది. ఇంకోసారి చూసింది. నా ముక్కు దగ్గర పెట్టింది. నాకేమీ తెలియలేదు. తేల్చుకోలేకనే కలిపింది, బెల్లం వేసింది, గ్లాసు నింపి బిడ్డ చేతికిచ్చింది. ఆ పిల్ల తాగబోతుంటే చటుక్కున లాక్కుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఆయన.

"మంచిగ అనిపిస్తలేదు సార్."

"ఇదే పొడి బళ్లలో తాగుతున్నారు. ఇన్ని పాలు వృథా చేస్తే నేను పైకి ఏం రాయను? ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించుకోవడం నేను చూశాను. ఇన్నాళ్ల తిరుగుడు పాలు కలిపిన ఆ గంజులోనే ఉంది. తల్లులు, గట్టు మీద సేడమామెతో సహా, అందరూ చూస్తున్నారు. ఆపా బిడ్డ వంక ఒకసారి చూసి గంజు రెండు చెవులూ పట్టుకుని బండల మీద కుమ్మరించింది. పిల్లలు ఏడుపు అందుకున్నారు. పెద్దమనిషి జీపెక్కాడు.

నిజం చెప్పాలంటే ఆ పాలు చెడ్డవో మంచివో ఇప్పటికీ నాకు తెలియదు. ఎక్కడి నుంచో ఒక కుక్క వచ్చి బండల మీదివన్నీ నాకింది. మర్నాడు అది తోక ఊపుకుంటూ మళ్లీ వచ్చింది. "ఏం కాలే ఆపా దానికి" అన్నాను ఉక్రోషంగా. "కుక్కను చూసి పిల్లలకు పోస్తమా?" అని నా మీదే విసుక్కుంది.

ఆయన వృథా అనే రాశాడని విన్నాం. ఆపా తిరగడం ఆపలేదు. ఆఖరుసారి మాతో గని తల్లులు కూడా రైలెక్కి హైదరాబాద్ వచ్చారు. అదే గదిలో, అదే కుర్చీ ముందు సేడమామె నిలబడి, "గుంట నీళ్లతోటి కలిపి నీ పిల్లకు పోస్తవా సార్, నేను పోసినట్ల?" అని అడిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకు గనుల దగ్గర పాలు కలిపి పోయాలని హుకుం వచ్చింది. ఆపా ఆ కాగితాన్ని నాచేత మళ్లీ మళ్లీ చదివించి, "గింత సులువుగ ఎట్ల ఇచ్చిండ్రు? ఏదో ఉన్నది దీంట్ల" అంది.

సేడమామె మాతో రైలెందుకెక్కిందో చెప్పలేదు కదూ. అది పాలు పారబోసిన మర్నాటి మాట. ఆమె చంటిపిల్ల ఇప్పుడు బడికి పోతోంది కాబట్టి ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. ఆ పొద్దున మేం పొయ్యి రాజేస్తుంటే సేడమామె నేరుగా మా దగ్గరికి నడిచి వచ్చింది. ఆపా బిడ్డ తాగిందా లేదా అని కూడా చూడలేదు. చంకలో పిల్లను తీసి ఆపా ఒళ్లో పెట్టింది.

"జర ఆగు. తాగేది నీ కండ్లతోటి చూసి పో" అంది ఆపా.

"పనున్నది" అంది ఆమె.

సుత్తె భుజాన వేసుకుని గనిలోకి దిగే మెట్ల వైపు నడిచింది. మెట్ల దగ్గరైనా ఆగుతుందని ఆపా గ్లాసు పట్టుకుని అలాగే చూస్తూ ఉంది. ఆమె వెనక్కి తిరగలేదు. నడుము దాకా దిగింది, భుజాల దాకా దిగింది, తల కూడా గని అంచు కిందికి వెళ్లిపోయింది. కాసేపటికి కిందినుంచి బండ మీద సుత్తె చప్పుడు మొదలైంది.