నర్సమ్మ ఇంటి మిద్దె దించిన రోజు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి సంవత్సరాల్లో, ఒక ఫిబ్రవరి నెలలో, నన్ను పులివెందుల సెక్షనుకు పి.డబ్ల్యు.డి. సూపర్‌వైజరుగా వేశారు. అంచనాలు కట్టడం, పని దగ్గర నిలబడటం, కొలతలు రాయడం నా ఉద్యోగం. జనం మాత్రం మా అందరినీ ఓవర్సీరనే పిలిచేవాళ్లు. నా పైన ప్రొద్దుటూరులో అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన పైన కడపలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. పైన ఎంతమంది ఉన్నా ఎండలో నిలబడేది నేనొక్కణ్ణే.

చేరగానే నాకు అప్పజెప్పిన పని నర్సమ్మ ఇంటి మరమ్మతు. నర్సమ్మంటే సుగుణమ్మ, ప్రభుత్వ మంత్రసాని. మంచాన పడిన తల్లితో క్వార్టర్సులో ఉండేది. అది పాత మట్టిమిద్దె. గోడల మీద దూలాలు, వాటిపైన అడ్డంగా దంతెలనే సన్న కొయ్యలు, దంతెల మీద బండలు పరిచి, నీళ్లు దిగకుండా పైన సవుడు మన్ను వేసి తొక్కుతారు. వానలకు ముందు ఏటేటా కొత్త సవుడు పోయడం మా సీమలో ఆనవాయితీ. పాతది తీసే అలవాటు మాత్రం ఎవరికీ లేదు. ఇల్లు ఉరిసి నీళ్లు కారాయంటే ఇంకో నాలుగు తట్టలు పోయడమే వైద్యం.

మిద్దెక్కి గడ్డపార దించాను. అది దిగుతూనే పోయింది గాని బండకు తగల్లేదు. కిందికొచ్చి చూస్తే నడిమి దూలం వంగి ఉంది. గదంతా ఉరిసినా ఆ దూలం కింద ఒక్కచోటే ఉరవదట. అందుకని ముసలామె మంచం సరిగ్గా అక్కడే వేశారు. మన్ను బరువంతా ఆ దూలం మీదే ఉంది.

వేరే ఇల్లు చూసుకోరాదా అని సుగుణమ్మను అడిగాను.

"కాన్పులు చేసేదానికి ఇల్లు ఎవరిస్తారు సార్? పురుడు, మైల అంటారు. కాంట్రాక్టరు ఎవరైనా నాకు ఒకటే. మా అమ్మ నెత్తిన ఉండేది ఎప్పుడు దిగుతాదో అది చెప్పండి."

మంజూరైన గ్రాంటును మార్చి ఆఖరులోగా ఖర్చు పెట్టకపోతే అది మురిగిపోతుంది. మళ్లీ మంజూరయ్యేసరికి వానలు వచ్చిపోతాయి. సీలు టెండర్లు పిలిస్తే రెండే వచ్చాయి. తెరవకముందే ఇద్దరినీ వేర్వేరుగా ఆ ఇంటికి తీసుకెళ్లి, పని ఎట్లా చేస్తారని అడిగాను.

మొదటివాడు బాలకొండయ్య, పులివెందుల మనిషి. అతని మాట లేనిదే ఊళ్లో బండి కదలదు. ఆ ఇంటిని వాళ్ల నాయనే కట్టించి, తర్వాత ప్రభుత్వానికి అమ్మాడు.

"ఏముంది సారూ, పైన కొత్త సవుడేసి తొక్కిచ్చి, లోపల సున్నం కొట్టిస్తా. ఇది మా నాయన కట్టిచ్చిన మిద్దె. దీనికి చావు ల్యాదు" అన్నాడు.

రెండోవాడు జమ్మలమడుగు హుసేన్ సాహెబ్. గడప దగ్గరే ఆగి పైకి చూశాడు.

"ముందర ఊతకొయ్యలు పెట్టాల సార్. ఆనక రెండు పక్కలా సమంగా మన్ను దించాల. అంతవరకు ఇండ్లో మనిషి ఉండగూడదు."

ప్రొద్దుటూరులో టెండర్లు తెరిస్తే తక్కువకు వేసినవాడు బాలకొండయ్య. తక్కువ టెండరునే ఒప్పుకోవాలని రూలు. కాదంటే కారణాలు రాతపూర్వకంగా పెట్టాలి. నేను పెట్టి, హుసేన్ సాహెబ్‌ను సిఫారసు చేశాను. ఏ.ఈ. గారు చదివి, రాయడానికేం రాయవచ్చు గాని రేపు పులివెందులలో కాపురముండేది నువ్వేగదా అన్నారు.

నాకంటే ముందే ఆ కబురు ఊరు చేరింది. టీ కొట్టులో నేను కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోయారు. ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తారని మా ఇంటాయన అడిగాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి నన్ను ఆపి, "సైకిలు మీద ఒంటిగా తిరుగుతాండావు సారూ, దావ మంచిది కాదు" అని నవ్వుతూ చెప్పాడు. భయం వేయలేదా అంటే వేసింది. నాదీ గుండెకాయే గదా, గుండురాయి కాదు.

అంతలో హుసేన్ సాహెబ్ టెండరు వెనక్కి తీసుకున్నాడు. జమ్మలమడుగుకు వెళ్లి, అతని బండల అంగడి దగ్గరే నిలదీశాను. అతను తల దించుకోలేదు.

"నా బండలు మోసేదానికి పులివెందుల్లో ఒక్కడూ బండి కట్టడంట. పోనీ, మోసుకొచ్చినా నా కూలోళ్లు క్షేమంగా తిరిగొస్తారని మీరు మాటిస్తారా సార్?"

ఇవ్వలేకపోయాను. బస్సులో వస్తుంటే ఒళ్లు మండిపోయింది. మళ్లీ టెండరు పిలిస్తే గ్రాంటు పోతుంది, ముసలామె ఆ దూలం కిందే వానాకాలం గడపాలి. పిలవకపోతే బాలకొండయ్య ఆ దూలం మీదికి ఇంకో తడవ మన్ను ఎత్తుతాడు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

చివరకు నేనే బాలకొండయ్య ఇంటికి వెళ్లాను. పని నీకే, కానీ షరతులున్నాయని చెప్పాను. ఇల్లు ఖాళీ చేయించాలి. ఊతకొయ్యలు ముందు, మన్ను దించడం తర్వాత. దూలాల మొనలు గోడలోంచి తెరిచి నాకు చూపించనిదే బిల్లు రాయను. అవి హుసేన్ సాహెబ్ చెప్పిన మాటలేనని దాచలేదు.

అతని కళ్లు ఎర్రబడ్డాయి. "మా నాయన కట్టిచ్చిన ఇంటికి ఊతకొయ్యలా? ఊరు నవ్వదా?"

"నవ్వితే నా పేరు చెప్పు. కొత్త ఓవర్సీరు ఉత్త పిరికోడు, వాని పోరు పడలేక పెట్టినానని చెప్పు."

అతను పెద్దగా నవ్వి, షరతుల కింద సంతకం పెట్టాడు. ఏ.ఈ. గారు ఆమోదించారు.

పని మొదలైన పొద్దున ముసలామె కదలనని మొరాయించింది. సుగుణమ్మ బతిమాలింది, నేను బతిమాలాను. బాలకొండయ్య వచ్చి, "అవ్వా, ఓవర్సీరుకు శానా భయమంట, వాని కోసరమన్నా లెయ్యి" అని, మంచంతో సహా ఎత్తించి ఆసుపత్రి వరండాలో దింపించాడు. కూలీలంతా నన్ను చూసి నవ్వారు. నవ్వనిచ్చాను.

ఊతకొయ్యలు నిలబెట్టి మన్ను దించసాగారు. సగం దిగిందో లేదో, నడిమి దూలం గోడ దగ్గర ఫెళ్లున విరిగింది. ఒక ఊతకొయ్య నిలువునా చీలింది. పైనున్న మనుషులు గోడ మీదికి దూకారు. బాలకొండయ్య అప్పుడు లోపలే ఉన్నాడు. దుమ్ములో ఏమీ కనబడలేదు. నేను అతని పేరు పెట్టి అరిచాను.

దుమ్ము తగ్గాక చూస్తే, దూలం మిగిలిన కొయ్యల మీద ఒరిగి ఆగి ఉంది. అతను గోడకు అతుక్కుని నిలబడి ఉన్నాడు. బయటికి వచ్చి, విరిగిన మొన దగ్గరికి మళ్లీ తానే వెళ్లి చేత్తో తడిమాడు. గోడలో దాగిన భాగమంతా చెద తినేసింది. వేళ్ల మధ్య పొడి రాలింది.

"మా నాయన పెట్టినప్పుడు గట్టి దూలమే సారూ" అన్నాడు, గొంతు తగ్గించి.

"గట్టిదే. మీ నాయన తప్పేం లేదు. చెద చూసుకోకుండా ఏటేటా బరువు పెంచింది తర్వాతివాళ్లం."

అతను గట్టు మీద కూలబడ్డాడు. తర్వాత తన మనిషినొకణ్ణి పిలిచాడు.

"ఇంటికి పోయి ఆడోళ్లను, పిల్లోళ్లను బయటికి రమ్మను. పసులకొట్టంలో పండుకోమను. ఎందుకని అడిగితే నేనొచ్చి చెప్తానను." నా వైపు తిరిగి, "మేముండేది గూడా ఆయన కట్టిచ్చిన మిద్దెనే సారూ. ఈడ పనయినాక ఈ కొయ్యలే తీస్కపోయి మా ఇంటికి పెడతా" అన్నాడు.

మార్చి దాటకముందే కొత్త దూలంతో పని ముగిసింది. కొలిచి బిల్లు రాశాను. ఆ తర్వాత నా సర్వీసంతా, ఇల్లు బాగుచేయించుకోవాలి, ఏ కాంట్రాక్టరు మంచివాడో చెప్పమని అడిగినవాళ్లకు నేను పేర్లు చెప్పలేదు. పాతదాన్ని ఎట్లా దించుతాడో ముందు అడగండి, ఆ మాట ఒప్పందంలో రాయించండి, దించే రోజు దగ్గరుండండి అని మాత్రం చెప్పాను. మంచివాడు దొరికితే మంచిదే. దొరకని ఊళ్లో కూడా ఇళ్లలో మనుషులుంటారు.