గోడ ఇవ్వని ఊరు

శివపార్వతి గారు మా కాలేజీలో సోషల్ వర్క్ చెప్పేవారు. నేను ఎకనామిక్స్. గుంటూరు నుంచి చిలకలూరిపేట దాకా ఇద్దరిదీ ఒకే బస్సు. ఎక్కగానే ఆవిడ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునేవారు. నిద్ర కాదు, అలసట. "ఇవాళ ఆ పాఠమా?" అని నేను ఆటపట్టిస్తే, "అదే తల్లీ, ఏటేటా తద్దినం" అనేవారు కళ్ళు తెరవకుండానే.

ఆ పాఠం గర్భస్రావ చట్టం. ఆవిడ అత్తవారిది పొన్నూరు, కాపురం గుంటూరులో. ఇంట్లో అత్తగారు "ఏం చెబుతావే పిల్లలకి?" అని అడిగితే "శుభ్రత గురించి" అని తప్పించుకునేవారట. క్లాసులో మాత్రం తప్పించుకునేవారు కాదు. కడుపులో ఉన్నది ఆడా మగా అని చూపించుకోవడం నేరం. వద్దనుకున్న కడుపుని చట్టం ఒప్పుకున్న కారణాలుంటే, నెలలు ముదరకముందే ప్రభుత్వాసుపత్రిలో తీయించుకోవడం నేరం కాదు. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడమనిషి తాను ఒప్పుకుంటే చాలు, మొగుడి సంతకం అక్కర్లేదు. ఈ రెండూ వేరు వేరని ఆవిడ గొంతు పోయేలా చెప్పేవారు. మగపిల్లలు బెంచీ చెక్క గీకుతూ, ఆడపిల్లలు చున్నీలు సర్దుకుంటూ వినేవారు. సాయిగణేష్ అనే కుర్రాడు లేచి "మేడం, ఇది పరీక్షలో వస్తుందా?" అన్నాడు. వస్తుందన్నాక అందరూ రాసుకున్నారు. బుర్రకెక్కించుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

రెండు వేల నాలుగులో ఆ పిల్లలు ఫీల్డ్ వర్కుకని వినుకొండ రోడ్డులో ఒక ఊరికి వెళ్ళారు. శివపార్వతి గారు జ్వరంతో వెళ్ళలేకపోయారు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా ఆడశిశువుల్ని కాపాడమని ప్రచారం. మావాళ్ళు ఉత్సాహం పట్టలేక నీలం రంగు కలిపి ఊళ్ళో గోడలన్నిటి మీదా రాసేశారు: "కడుపు తీయించుకోవడం నేరం. జైలు తప్పదు." చేతిరాత వాళ్ళలో దీప్తి అనే అమ్మాయిది, ముత్యాల్లా ఉంటుంది. సర్పంచి చెంచురామయ్య గారు తన ప్రహరీ గోడ కడిగించి మరీ ఇచ్చారు. మా ప్రిన్సిపాల్ అందరినీ పిలిచి మెచ్చుకున్నారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే జరిగింది.

ఆ ఊళ్ళో పున్నమ్మ మిరపకోత కూలికి వెళ్ళేది. ముగ్గురు పిల్లలు. అటువైపు ఆడవాళ్ళు పిల్లలు పుట్టకుండా చేయించుకునే ఆపరేషన్‌ని కోతలయ్యాకే పెట్టుకుంటారు. కోతల్లో మంచాన పడితే ఇల్లు గడవదు. పున్నమ్మ కూడా "కోతలవనీ" అంది. కోతలయ్యేలోగా మళ్ళీ నెల తప్పింది. ఆసుపత్రికని బయల్దేరిన మనిషి, దారిలో గోడ మీద ఏముందో చదివించుకుని వెనక్కి తిరిగింది. జైలుకి భయపడి పక్క ఊళ్ళో గుట్టుగా మందు పెట్టేవాడి దగ్గరికి పోయింది. కొద్దిరోజుల్లోనే ఒళ్ళు కాలిపోతూ, రక్తం ఆగక గుంటూరు పెద్దాసుపత్రికి చేరింది. డాక్టర్లు గర్భసంచి తీసేసి ప్రాణం నిలబెట్టారు.

సంగతి తెలిసి శివపార్వతి గారు దీప్తిని వెంటబెట్టుకుని వార్డుకి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. దీప్తిని గుర్తుపట్టగానే పున్నమ్మ తన భర్త యలమంద చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పోలీసులొస్తారా అమ్మా?"

"ఎవరూ రారు పున్నమ్మా. ఆసుపత్రికే వచ్చుంటే వాళ్ళే తీసేవాళ్ళు. అది నేరం కాదు," అన్నారు శివపార్వతి గారు.

పున్నమ్మ మా ముగ్గురి వంకా చూసింది. "మరట్టా రాశారేందమ్మా?"

దీప్తి అక్కడే ఏడ్చేసింది. నాకు ఆ పిల్ల మీద, ప్రిన్సిపాల్ మీద, అందరి మీదా ఒళ్ళు మండిపోయింది. శివపార్వతి గారు కోప్పడలేదు, ఏడవలేదు. ఆవిడకి ఆ ఓపిక కూడా మిగల్లేదు.

పున్నమ్మ ఇంటికి చేరాక, ఒక ఆదివారం సున్నం బకెట్లు పట్టుకుని ఆ ఊరు వెళ్ళాం. పాతది చెరిపి సరైన మాట రాయాలని. చెంచురామయ్య గారు గేటు దగ్గరే ఆపేశారు.

"మొగుడి సంతకం అక్కర్లేదని నా గోడ మీద రాస్తారా? ఇంకేమన్నా ఉందా! ఆడోళ్ళకి ఆ మాత్రం భయముండొద్దా? కావాలంటే చెట్లు నాటమని రాసుకోండమ్మా, కాదనను."

ఆయన కాదన్నాక మిగతావాళ్ళూ కాదన్నారు. నేరమని రాయడానికి పోటీలుపడి ఇచ్చిన గోడల్లో, కాదని రాయడానికి ఒక్కటీ దొరకలేదు. మధ్యాహ్నానికి ఎండ నెత్తికెక్కింది. చివరికి ఊరి చివర పున్నమ్మ ఇంటికి వెళ్ళాం.

"మా గోడ మీద రాసుకోండమ్మా," అన్నాడు యలమంద.

"వద్దు!" అని పున్నమ్మ మంచం మీద నుంచే అరిచింది. "ఊరంతా నా సంగతి తెలిసిపోయిద్ది. నాకు ఎదిగే ఆడపిల్లలున్నారు."

ఆమెది తప్పని నేననలేను. శివపార్వతి గారు తలూపి, బకెట్ తీసుకోమని దీప్తికి చెప్పారు. ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అని నీరసం వచ్చేసింది నాకు. అప్పుడు పున్నమ్మ మొగుణ్ణి మంచినీళ్ళకి పంపి, శివపార్వతి గారి కొంగు పట్టుకుని ఆపింది.

"మా తోడికోడలు లోపల పడుకునుందమ్మా. దానికి మూడో నెల. పిల్లలు చాలంట. నిన్ననే నన్నడిగింది, ఆ మందు పెట్టేవాడి ఇల్లెక్కడని."

శివపార్వతి గారు చెప్పులు విడిచి, దీప్తిని కూడా రమ్మని, లోపలికి వెళ్ళారు.