అర్రేలోంచి నా పేరు పోయిన రోజు

మా నానమ్మ పేరే నాకూ, మా చిన్నాన్న కూతురికీ పెట్టారు. ఇంట్లో పెద్దది, చిన్నది అని పిలిచేవారు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. రాజమండ్రిలో ఇద్దరం కంప్యూటర్ కోర్సులో చేరాకే వచ్చిపడింది గొడవంతా.

హైదరాబాద్ నుంచి ఏదో కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూలకి వస్తున్నారన్నారు. ఎందుకైనా మంచిదని చాలామంది రెండేసి ఫారాలు పడేశారు. మా సార్ ఆ పేర్లన్నీ కంప్యూటర్లో అర్రే అనే గళ్ళ వరసలోకి ఎక్కించి, ఒక్కో పేరునీ తర్వాతవాటితో పోల్చి, అదే మళ్ళీ కనబడితే తీసేసి, వెనకవాటిని ముందుకు జరిపే ప్రోగ్రాం రాశారు. ఆ రోజు మా పాఠం కూడా అదే.

ప్రింటవుట్ గోడకి అంటించారు. మా పేరు ఒక్కసారే ఉంది. ముందు ఫారమిచ్చింది చిన్నది. అంటే ఎగిరిపోయింది నేనన్నమాట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంటర్వ్యూ కూడా పోతే ఇంక కోర్సులూ గీర్సులూ చాలు, ఇంట్లో కూర్చోమని నాన్న ముందే చెప్పేశారు.

చెప్పులు బయట విడిచి, చిన్నదాని చెయ్యి పట్టుకుని ల్యాబ్‌లోకి లాక్కెళ్ళాను.

"ఇద్దరం ఇక్కడే ఉన్నామండీ. ఎవర్ని తీసేస్తారో తీసేయండి!"

సార్ నవ్వేశారు. "పేరూ ఒకటే, ఇంటిపేరూ ఒకటే. కంప్యూటర్‌కేం తెలుస్తుందమ్మా?"

"నాన్నలు వేరండీ! తండ్రి పేరు కూడా చూడమనండి."

చిన్నది నా చున్నీ పట్టి లాగింది. "వద్దక్కా." నేను వింటేగా!

సార్ తండ్రుల పేర్లు కూడా ఎక్కించి, ఇంకో షరతు కలిపి మళ్ళీ రన్ చేశారు. మళ్ళీ ఒక్కటే మిగిలింది.

అప్పుడు ఫారాలు రెండూ తీసి పక్కపక్కన పెట్టారు. చిన్నది తండ్రి పేరు దగ్గర మా నాన్న పేరు రాసింది. చిన్నాన్న పోయేనాటికి దానికి మాటలు కూడా రాలేదు. అప్పట్నుంచీ పెంచింది మా నాన్నే.

"తప్పు రాశావా అమ్మా? దిద్దేద్దామా?" అన్నారు సార్.

నాన్నలు వేరని ల్యాబంతా వినేలా అరిచింది నేనే కదా.

"తప్పేం లేదండీ," అన్నాను. "పుట్టినరోజులు కలిపి చూడండి."

ఈసారి ఇద్దరం మిగిలాం.

సాయంత్రం ఇంటికెళ్ళే రామచంద్రపురం బస్సులో చిన్నదానికి ఎలాగో సీటు దొరికింది. నేను పక్కన నిలబడ్డాను. ఊరు దాటాక అది నా చెయ్యి తట్టింది.

"అక్కా, రేపెళ్ళి ఫారంలో ఆ పేరు మార్పించేయనా?"

"మార్చావంటే కాళ్ళు విరగ్గొడతాను. జరుగు, నన్నూ కూర్చోనీ."