బడి గోడ మీద దేవరాజు వేసిన పటం

మానవపాడు చుట్టుపక్కల ఏ బడి గోడ మీద ప్రపంచ పటం కనబడినా అది పెయింటర్ దేవరాజు వేసిందే. సుద్ద పూసిన దారంతో గోడంతా గళ్లు కొట్టి, గడి చూసి గడి నింపుతాడు. నూలువాసి తేడా వచ్చినా తుడిచి మళ్లీ వేస్తాడు. వలసపోయి రాళ్లు మోసిన చేతులకు ఆ మాత్రం గర్వం ఉండొద్దా మరి?

అలాంటివాడికి సోషల్ టీచర్ సింధూజ ఒక వింత పటం ఇచ్చి వేయమంది. అందులో యూరప్, అమెరికా చిక్కి దారప్పోగులయ్యాయి. ఇండియా, ఆఫ్రికా ఉబ్బి ఉన్నాయి. పాపం, ఆమె నలుగురిలో నవ్వులపాలవుతుందని దేవరాజు తను ఎప్పుడూ వేసే పటమే వేసి పెట్టాడు.

"అచ్చు తప్పు పడ్డది మేడమ్. నేనే సరిజేసిన," అన్నాడు మర్నాడు.

"తప్పు కాదు దేవరాజన్నా. అయిదేండ్లు నిండకుండ పోయిన పిల్లలు ఏ దేశంల ఎంత ఎక్కువుంటే ఆ దేశాన్ని గంత పెద్దగ గీసిండ్రు."

దేవరాజు గోడంతా సున్నం కొట్టి చెరిపేశాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం భార్య జోగులమ్మ సద్ది తెచ్చేసరికి కొత్త పటంలో ఇండియా పూర్తయింది. అదేమిటో ఆమెకు చెప్పాడు. చెప్పాక, ఎందుకు చెప్పానా అనుకున్నాడు. పెళ్లయిన కొత్తలో కర్ణాటకలో కాలువ తవ్వుతున్నప్పుడు వాళ్ల తొలిచూలు పిల్ల జ్వరంతో గుడారంలోనే పోయింది. దవాఖాన దూరం, మేస్త్రి కదలనివ్వలేదు. ఇంకా పేరైనా పెట్టని పసిగుడ్డు. కట్ట పక్కన పూడ్చి, తెల్లారి మళ్లీ పార పట్టారు. ఆ తర్వాత ఆ పిల్ల మాట ఇంట్లో ఎన్నడూ రాలేదు.

జోగులమ్మ గోడ దాకా పోయి, పక్కనే ఉన్న సింధూజను అడిగింది.

"అప్పుడెన్నడో పోయిన మా పిల్ల గిందుల ఉందా మేడమ్?"

సింధూజకు అబద్ధం నోట రాలేదు. "లేదమ్మా. ఇది మొన్నమొన్నటి లెక్క. మీ పాప పోయిన్నాడు ఎవరన్న రాసుకున్నరో లేదో తెల్వదు."

జోగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ల కడుపుకోత అక్కడే, బడి గోడ ముందర బయటపడింది.

దేవరాజు సద్దిగిన్నె పక్కన పెట్టి లేచాడు. కుంచె రంగులో ముంచి, పడమటి తీరంలో కర్ణాటక ఉండే చోట గీతను వేలెడంత బయటికి జరిపాడు. అది గడి దాటిపోయింది. సింధూజ చూసి కూడా ఊరుకుంది.

"చూడు, ఇప్పుడుంది," అన్నాడు భార్యతో.